లెస్వోస్ దీవిలో వసంతపు వలస: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఏజియన్ సముద్రంలో తుర్కియే తీరానికి ఆనుకొని ఉన్నట్టుండే గ్రీసు దీవి లెస్వోస్‌లో వసంతకాలపు పక్షుల వలసను చూడడం గురించి ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ నెల జవాబులు ఇస్తున్నాను. ఒకే సందేహాన్ని పలువురు వ్యక్తం చేసినచోట ఉత్తరాలను కలిపి కుదించాను.

ప్రశ్న: మేము ఉద్యోగ విరమణ చేసిన దంపతులం. వచ్చే వసంతంలో లెస్వోస్‌లో ఒక వారం గడిపి వలస పక్షులను చూడాలని అనుకుంటున్నాము. కొందరు ఏప్రిల్ మొదట్లో వెళ్ళమంటున్నారు, కొందరు మే నెలే మేలంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరి మాటలోనూ నిజముంది. వలస మార్చి రెండో సగంలో మొదలై మే చివరి వరకు సాగుతుంది, ఒక్కొక్క జాతి తనకు అలవాటైన రోజుల్లో వచ్చి పోతుంది. ఏప్రిల్ మొదటి పక్షంలో వెళ్ళినవారికి రూపెల్స్ వార్బ్లర్, క్రెచ్‌మార్ బంటింగ్, ఇసబెలీన్ వీటియర్ వంటి చిన్న పాటపిట్టలు పాటతో హోరెత్తిస్తూ కనిపిస్తాయి. ఇవి దీవిలోనే గూడు కట్టే జాతులు కాబట్టి, మగపిట్టలు ముందుగా చేరి తమ హద్దులను చాటుకునే ఆ రోజుల్లో వాటిని చూడడం సులువు. మే నెలలో వెళ్ళినవారికి నల్లతల బంటింగ్, ఆలివ్ ట్రీ వార్బ్లర్, వంగపండు పిట్టలు, ఎర్రవీపు ష్రైక్‌లు దొరుకుతాయి కాని, నదీముఖాల్లో నీరు తగ్గడం మొదలై నీటి పక్షుల సందడి పలచబడుతుంది.

ఒకే వారం ఉన్నవారికి నేను ఏప్రిల్ 20 తరువాతి వారాన్ని సూచిస్తాను. ముందుగా వచ్చినవి ఇంకా పాడుతుంటాయి, ఆలస్యంగా వచ్చేవాటిలో తొలి పక్షులు కనిపించడం మొదలవుతుంది, పసిరిక పిట్టల గుంపులు, ఎర్రకాళ్ళ డేగలు, ఫ్లైక్యాచర్‌లు, రెల్లులో నక్కే చిన్న బిటర్న్‌లు, క్రేక్‌లు ఆ రోజుల్లోనే దీవి మీదుగా సాగిపోతాయి. అయితే ఆ ఏడాది గ్రీకు ఆర్థడాక్స్ ఈస్టర్ ఏ తేదీన వస్తున్నదో ముందే చూసుకోండి. ఆ పండుగకు నగరాల్లోని గ్రీకులు సొంత ఊళ్ళకు తరలివెళతారు కనుక విమానాలు, ఓడలు, గదులు నెలల ముందే నిండిపోతాయి.

ప్రశ్న: గత వసంతంలో నేను అక్కడ కొద్ది రోజులున్నాను. ఆకాశం నిర్మలంగా ఉండేది, దక్షిణపు గాలి హాయిగా వీచేది, అయినా పొదలన్నీ ఖాళీగానే కనిపించాయి. నేను తిరిగివచ్చిన మరునాడు వాన పడిందనీ, ఆ రోజు చెట్టుచెట్టుకూ పిట్టలున్నాయనీ బస ఇచ్చినవారు తరువాత తెలియజేశారు. దీనికి కారణమేమిటి?

జవాబు: మీకు హాయిగా అనిపించిన వాతావరణం పిట్టలకు ఇంకా హాయిగా ఉంది, అందుకే అవి ఆగలేదు. ఈ ఒక్క సంగతి మనసుకు పడితే దీవిలో పక్షులను చూసే పద్ధతే మారిపోతుంది కనుక, కొంచెం వివరంగా చెబుతాను.

ఐరోపా నుంచి ఆఫ్రికాకు శరదృతువులో వెళ్ళే చిన్న పక్షుల సంఖ్య సుమారు 200 కోట్లని శాస్త్రవేత్తల అంచనా. వాటిలో ప్రాణాలతో మిగిలినవి వసంతంలో ఉత్తరానికి మళ్ళి ముందు సహారా ఎడారిని, ఆ వెంటనే మధ్యధరా సముద్రాన్ని దాటాలి. కొంగలు, పెద్ద గద్దలు నేల వేడికి పైకి లేచే గాలి మీద రెక్కలు చాచి తేలుతూ ప్రయాణించేవి. సముద్రం మీద అటువంటి గాలి లేవదు కాబట్టి అవి జిబ్రాల్టర్, బాస్ఫరస్ వంటి ఇరుకు జలసంధుల వద్దకు చుట్టు తిరిగి వెళతాయి. వార్బ్లర్‌లు, ఫ్లైక్యాచర్‌ల వంటి చిన్న పిట్టలు ఆ తిరుగుడును పట్టించుకోవు. అవి రెక్కలాడిస్తూ, చాలావరకు రాత్రిపూట, విశాలమైన వరుసగా నేరుగా సముద్రం మీదికి బయలుదేరుతాయి. ప్రయాణానికి ముందు కొన్ని జాతులు తమ శరీర బరువుకు దాదాపు సమానమైన కొవ్వును పోగుచేసుకుంటాయి, ఎడారి దాటేసరికి అందులో చాలాభాగం ఖర్చైపోతుంది.

ఈజిప్టు తీరం నుంచి లెస్వోస్ దక్షిణపు ఒడ్డుకు 800 కిలోమీటర్లకు పైగా దూరం ఉంది. గాలి సాయం లేకుండా చిన్న పిట్ట గంటకు సుమారు 40 కిలోమీటర్లు పోగలదనుకుంటే, సాయంసంధ్యలో బయలుదేరినది మరునాడు మధ్యాహ్నం దాటితేగాని ఇక్కడికి చేరలేదు. మధ్యలో క్రీట్, రోడ్స్ వంటి దీవులూ, తుర్కియే తీరమూ ఉన్నాయి కాబట్టి అన్నీ ఒకే ఊపున రావు, కాని లెక్క ఎటు చూపుతోందో గమనించండి. వెనుక నుంచి దక్షిణపు గాలి తోస్తూ ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి, ఇంకా సత్తువ మిగిలి ఉన్న పిట్ట ఈ దీవిని చూసి కూడా దాటిపోతుంది. మీరున్న రోజుల్లో వలస జరగలేదని అనుకోకండి, అది మీ తలల మీదుగా చాలా ఎత్తున సాగిపోయింది. అదే సముద్రం మధ్యలో గాలి ఉత్తరానికి తిరిగినా, మేఘం కమ్మి ముసురు పట్టినా, తడిసి అలసిన పిట్టలు కనిపించిన మొదటి నేల మీద వాలిపోతాయి. చూసేవారికి పండుగ, పిట్టలకు గండం.

ఇందులోంచి పనికివచ్చే సూచన ఒకటి తేలుతుంది. ఉదయం లేచి దీవిలో వాతావరణం ఎలా ఉందో చూసుకోవడం వల్ల ప్రయోజనం తక్కువ. గడిచిన రాత్రి దీవికి దక్షిణాన సముద్రం మీద గాలి ఎటు వీచింది, వాన ఎక్కడ పడింది అన్నది వాతావరణ పటంలో చూడండి. క్రీట్‌కు, తుర్కియే నైరుతి తీరానికి మధ్య వాన మేఘాలుంటే, మరునాటి మధ్యాహ్నం వరకు ఓపిక పట్టడం వృథా పోదు. తెల్లవారుజామునే చూసి, పదింటికల్లా బసకు వచ్చేసే అలవాటు మామూలు చోట్ల సరిపోతుందేమో కాని, దీవుల్లో సరిపోదు. ఇటలీలో 1988లో మొదలై, వెంటోటెనే వంటి చిన్న దీవుల్లో పిట్టలను పట్టి కాళ్ళకు ఉంగరాలు తొడిగి వదిలే పరిశోధన ఈ విషయాన్ని బాగా వెలుగులోకి తెచ్చింది. ట్యునీషియా వైపు నుంచి రాత్రి బయలుదేరిన పిట్టలు ఆ దీవులకు పగలు, చాలావరకు మధ్యాహ్నపు వేళల్లో చేరుతుంటాయి.

అలా వాలిన పిట్టలు తొలి గంటల్లో పాడవు, పైకొమ్మల్లో కూర్చోవు. ఎత్తైన చెట్లలో మాత్రమే కనిపిస్తుందని పుస్తకాల్లో రాసి ఉన్న వుడ్ వార్బ్లర్ సముద్రపు ఒడ్డున రాళ్ళ మధ్య పురుగులు ఏరుకుంటూ కనిపించవచ్చు. గాలి తగలని పల్లపు వైపున ఉన్న అంజూర చెట్లు, కంచెల మొదళ్ళు, వాగు ఒడ్డు పొదలు నిదానంగా చూడాలి. ఒక చెట్టు దగ్గర అరగంట నిలబడినవారు, పది చెట్ల చుట్టూ తిరిగినవారికంటే ఎక్కువ చూస్తారని నా అభిప్రాయం.

ఇంకొక మాట కూడా నిజాయితీగా చెప్పాలి. సుమారు 1,630 చదరపు కిలోమీటర్ల వైశాల్యంతో లెస్వోస్ గ్రీసు దీవుల్లో మూడవ పెద్దది, పైగా ఆసియా తీరానికి అతి దగ్గరగా ఉంది. నడి సముద్రంలో ఉన్న చిన్న దీవిలో పిట్టలు ఒకేచోట కుప్పపడినట్టు కనిపించే దృశ్యం ఇక్కడ అరుదు. అది కావాలనుకునేవారు క్రీట్‌కు వాయవ్యంగా ఉన్న, గ్రీకు పక్షిశాస్త్ర సంఘం పరిశీలనా కేంద్రం నడుపుతున్న అంటికిథిరా వంటి చిన్న దీవికి వెళ్ళాలి. లెస్వోస్ గొప్పతనం వేరు: చిత్తడి నేలలు, దేవదారును పోలిన చెట్ల అడవి, ఆలివ్ తోటలు, బోడికొండలు అన్నీ ఒక్క దీవిలోనే ఉండడం వల్ల, గాలి కలిసిరాని రోజున కూడా చూడడానికి ఏదో ఒకటి ఉంటుంది.

ప్రశ్న: దీవిలో ఎక్కడ బస చేయాలి? ఏయే చోట్లు తప్పనిసరిగా చూడాలి? కారు లేకుండా వీలవుతుందా?

జవాబు: కారు లేకుండా వీలవుతుంది కాని, దీవి పడమటి కొస దాదాపు అందకుండా పోతుంది. మితిలీనీలో విమానం లేదా ఓడ దిగగానే కారు అద్దెకు తీసుకోవడం మంచిది. బసకు కలోని అఖాతం ఒడ్డున ఉన్న స్కాలా కలోనిస్ అనే చిన్న ఊరిని చాలామంది ఎంచుకుంటారు, నా సలహా కూడా అదే. అక్కడి నుంచి ఉప్పుమడులకు, సిక్నియాస్ నదీముఖానికి కొద్ది నిమిషాల్లో చేరవచ్చు.

కలోని ఉప్పుమడుల్లో ఇప్పటికీ ఉప్పు పండిస్తున్నారు, కాబట్టి లోపలికి వెళ్ళే వీలుండదు. చుట్టూ ఉన్న దారుల నుంచే చూడాలి. ఫ్లెమింగోలు, పొడుగుకాళ్ళ ఉల్లంకులు, అవోసెట్‌లు, గుంపులు గుంపులుగా దిగే రఫ్‌లు, కర్లూ శాండ్‌పైపర్‌లు ఇక్కడి ప్రధాన ఆకర్షణ. ఎండ ముదిరాక నీటి మీద వేడిగాలి వణుకుతూ దూరపు పక్షి ఆకారం తెలియకుండా చేస్తుంది కనుక ఉదయం, సాయంత్రం రెండు పూటలూ వెళ్ళడం మేలు. సిక్నియాస్ నది ఒడ్డున రెల్లు దుబ్బుల వెంట కారులోనే నెమ్మదిగా సాగుతూ, కిటికీ దించి, ఇంజన్ ఆపి కూర్చుంటే, చిన్న బిటర్న్, లిటిల్ క్రేక్ వంటి బిడియపు పక్షులు కొద్ది గజాల దూరంలోనే బయటికి వస్తాయి. మనిషి కాళ్ళను చూస్తే పారిపోయే పక్షి కారును చూసి అంతగా బెదరదు.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. క్రీస్తుపూర్వం నాలుగవ శతాబ్దంలో అరిస్టాటిల్ ఈ దీవిలో సుమారు రెండేళ్ళు గడిపి, పిర్రా మడుగు అని అప్పట్లో పిలిచిన ఈ కలోని అఖాతంలోని జీవులను పరిశీలించాడు. జంతువుల గురించి ఆయన రాసిన గ్రంథంలో కొంగను పోలిన క్రేన్ పక్షుల వలసను సరిగానే గుర్తించాడు కాని, స్వాలో పిట్టల్లో కొన్ని చలికాలంలో ఈకలు రాల్చుకొని కన్నాల్లో దాగుతాయనీ, రెడ్‌స్టార్ట్‌లే శీతాకాలానికి రాబిన్‌లుగా మారిపోతాయనీ రాశాడు. ఒకటి వెళ్ళగానే ఇంకొకటి రావడం చూసినవాడికి ఆ ఊహ తట్టడం అంత వింతేమీ కాదు.

అఖాతానికి ఆగ్నేయంగా అక్లాదేరి వద్ద ఉన్న తుర్కియే పైన్ అడవిలో క్రూపర్స్ నట్‌హ్యాచ్ గూడు కడుతుంది. గ్రీసు మొత్తంలో ఈ పిట్ట లెస్వోస్‌లోనే ఉంది. ఎండిన మోడుల్లో నేలకు కొద్ది ఎత్తున కన్నం చేసుకోవడం దీని అలవాటు కనుక చూడడం సులభం, చెడగొట్టడం అంతకంటే సులభం. గూడు ఉన్న మోడుకు చాలా దూరంలోనే ఆగి, పది నిమిషాలకు మించి నిలబడకుండా రావాలి.

ఒక పూర్తి రోజు పడమటి దిక్కుకు కేటాయించండి. గంటకు పైగా పట్టే కొండదారిలో ముందు ఇప్సిలూ మఠం వస్తుంది. చుట్టూ బోడిగా ఉన్న నేలలో ఒంటరిగా లేచిన ఆ కొండ మీద ఉన్న కొద్దిపాటి చెట్లు, పచ్చదనం వెతుక్కుంటూ వచ్చే వలస పిట్టలకు ఆశ్రయం. కొండ వాలులో సినేరియస్ బంటింగ్ పాడుతుంది. ఐరోపాలో ఈ పిట్ట గూడు కట్టేది కొన్ని ఏజియన్ దీవుల్లోనే. అక్కడి నుంచి సిగ్రి ఊరికి దిగితే ఫనెరోమెని పొలాలు, మెలాదియా లోయ ఉన్నాయి. అంజూర తోటలు, వాగు దాటే రేవులు, తీరం పొదలు ఇక్కడి ముఖ్యమైన చోట్లు. వాన పడిన మరునాడైతే దీవిలో మరెక్కడికీ పోకుండా సాయంత్రం వరకు ఇక్కడే ఉండిపోండి. పిట్టలు లేని మధ్యాహ్నం పూట, సుమారు రెండు కోట్ల ఏళ్ళ నాటి అగ్నిపర్వత బూడిదలో కప్పబడి రాయిగా మారిన చెట్లను సిగ్రి పరిసరాల్లో చూడవచ్చు.

ప్రశ్న: పరికరాలు ఏవి తీసుకెళ్ళాలి?

జవాబు: 8x42 బైనాక్యులర్ ఒకటి చాలు. ఉప్పుమడుల్లో దూరంగా ఉండే పక్షులకు టెలిస్కోపు ఉపకరిస్తుంది కాని, దానికోసం ప్రయాణాన్ని వాయిదా వేసుకోనక్కరలేదు, అక్కడి దారుల మీద తమ టెలిస్కోపులోంచి చూడనిచ్చేవారు వసంతంలో ఎప్పుడూ ఉంటారు. దీవిలో సైనిక స్థావరాలున్నాయి. కెమెరా బొమ్మ మీద అడ్డగీత ఉన్న పలక కనిపించిన చోట బైనాక్యులర్‌ను కూడా లోపల పెట్టేయండి.

ప్రశ్న: ఫోనులో పక్షి పాటను వినిపిస్తే పొదలోని పిట్ట బయటికి వస్తుందని విన్నాను. ఫొటోల కోసం అలా చేయడం తప్పా?

జవాబు: ఈ దీవిలో, ఈ కాలంలో తప్పనే నా నిశ్చితాభిప్రాయం. రాత్రంతా ఎగిరి వచ్చిన పిట్టకు ఆ పొదలో దొరికే ప్రతి పురుగూ తరువాతి రాత్రి ప్రయాణానికి ఇంధనం. పాట విని, తన హద్దులోకి ఎవరో వచ్చారనుకొని అది ఆహారం మానేసి బయటికి వస్తే, ఆ నష్టం మన కంటికి కనిపించదు. గూడు కట్టే పిట్టల విషయంలో ఇంకా హాని ఎక్కువ, ఎందుకంటే పేరుపడిన చోట్లలో ఉన్న ఒక్కొక్క జంట ముందు ఒకే రోజున ఎందరో వచ్చి అదే పాట వినిపిస్తారు. ఫొటో కావాలనుకుంటే కారులో కూర్చొని వేచి ఉండండి. పిట్ట మీ వైపు చూసి తల ఎత్తి బిగుసుకుపోయిందంటే మీరు మరీ దగ్గరగా ఉన్నారు, వెనక్కి తగ్గాలి. దారికి అడ్డంగా కారు నిలపడం వల్ల పొలాలకు వెళ్ళే రైతులకు కలిగే ఇబ్బందిని కూడా మరువకండి.

ప్రశ్న: మధ్యధరా దీవుల్లో వసంతంలో పక్షులను కాలుస్తారని చదివాను. అటువంటి చోట్లకు యాత్రికులుగా వెళ్ళడం సబబేనా?

జవాబు: దీవిని బట్టి జవాబు మారుతుంది. గూళ్ళ వైపు తిరిగి వెళుతున్న పక్షులను వేటాడరాదని ఐరోపా సమాజం 1979లో పక్షుల రక్షణ ఆదేశంలో రాసుకుంది. మాల్టా మినహాయింపు కోరుతూ వసంతపు వేటను కొనసాగించింది. 2009లో ఐరోపా న్యాయస్థానం మాల్టాకు వ్యతిరేకంగా తీర్పు చెప్పినా, 2015 ఏప్రిల్‌లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో వేటను ఉంచాలన్న పక్షం 50.4 శాతం ఓట్లతో అతి స్వల్పంగా గెలిచింది. ఆ వేటకు గురైన జాతుల్లో ఐరోపా గువ్వ ఒకటి, అదే 2015లో ప్రపంచవ్యాప్తంగా ప్రమాదంలో పడిన జాతుల పట్టికకెక్కింది. సైప్రస్‌లో జిగురు పూసిన పుల్లలతో, వలలతో బ్లాక్‌క్యాప్ పిట్టలను పట్టి తినే అలవాటు చట్టవిరుద్ధమైనా పూర్తిగా పోలేదు, అయితే అది ముఖ్యంగా శరదృతువులో జరిగే పని.

అయినా వెళ్ళవద్దని నేను అనను. మాల్టాలో బర్డ్‌లైఫ్ మాల్టా సంస్థ అదిరా వంటి అభయారణ్యాలను నడుపుతూ, వలస కాలంలో స్వచ్ఛంద కార్యకర్తలతో నిఘా శిబిరాలు నిర్వహిస్తుంది. బైనాక్యులర్ పట్టుకొని వచ్చి, గదులకు, భోజనానికి యూరోలు ఖర్చుపెట్టే యాత్రికులు ఎక్కువైనకొద్దీ, బతికి ఉన్న పిట్టకు కూడా విలువ ఉందన్న మాట స్థానికంగా బలపడుతుంది. లెస్వోస్‌లో ఆ మార్పును ఇప్పటికే చూడవచ్చు: స్కాలా కలోనిస్‌లో ఏప్రిల్ నెల గదులు నిండేది చాలావరకు పక్షులను చూసేవారితోనే.

దీవులన్నింటిదీ ఒకే చరిత్ర కాదు. 14వ శతాబ్దంలో సార్డీనియాలో ఆర్బోరియా రాజ్యాన్ని ఏలిన ఎలియొనోరా తన న్యాయసంహితలో డేగల గూళ్ళకు రక్షణ కల్పించింది. ఆమె పేరే పెట్టుకున్న ఎలియొనోరా డేగ మడగాస్కర్ నుంచి ఏప్రిల్ చివర్లో ఏజియన్‌కు చేరుతుంది. ప్రపంచంలోని ఈ డేగల్లో అధికభాగం గ్రీసు దీవుల్లోనే గూళ్ళు కడుతుంది. వసంతంలో వచ్చినా వేసవి ముదిరేదాకా గుడ్లు పెట్టదు, ఎందుకంటే దక్షిణానికి తిరుగుముఖం పట్టిన చిన్న పిట్టలను పట్టి పిల్లలకు పెట్టడం దాని పద్ధతి.

ప్రశ్న: లెస్వోస్‌కు వచ్చే పక్షులన్నీ ఆఫ్రికా నుంచే వస్తాయా? మన దేశంలో చలికాలం గడిపేవి ఏవైనా అక్కడికి వెళతాయా?

జవాబు: వెళతాయి. ఎక్కువ జాతులు ఆఫ్రికా నుంచే వచ్చినా, నల్లతల బంటింగ్ మాత్రం తూర్పు నుంచి వస్తుంది. అది శీతాకాలమంతా పశ్చిమ, మధ్య భారతంలోని ధాన్యపు చేలలో గుంపులుగా గడిపి, వసంతంలో ఇరాన్, తుర్కియేల మీదుగా ఆగ్నేయ ఐరోపాకు చేరుతుంది. ఆఫ్రికా నుంచి వచ్చేవాటికంటే ఆలస్యంగా, ఏప్రిల్ చివరి రోజుల్లో గాని మే మొదట్లో గాని లెస్వోస్‌లో కనిపిస్తుంది, కాబట్టి పై జవాబులో నేను సూచించిన వారంలో వెళ్ళేవారు చివరి రెండు రోజుల్లో దీనికోసం ప్రత్యేకంగా చూడాలి. చలికాలపు గుంపుల్లో మాసినట్టుండే మగపిట్ట అక్కడ నల్లని తలతో, పసుపుపచ్చని రొమ్ముతో, ఎర్రమట్టి రంగు వీపుతో తీగల మీదా, పొదల కొసల మీదా నిలబడి పాడుతుంది. ఆడపిట్ట వన్నె లేనిది, మగపిట్టల తరువాత వస్తుంది, దానిని గుర్తుపట్టడం కష్టం. దీవి పడమటి భాగంలో పొలాల గట్ల వెంట, ముళ్ళపొదలున్న చేలలో ఉదయం పూట వెతకండి.